ముందు గేరు మొరాయిస్తే మొదట చూడాల్సింది రింగులనే

గేర్ల సైకిల్‌కి చైన్‌ను పక్కకు జరిపే పరికరాలు రెండుంటాయి. రెండింటినీ డిరైలర్లనే అంటాం కానీ, రెండింటి కష్టం ఒకటి కాదు. వెనకది చైన్ కింది భాగాన్ని జరుపుతుంది. అక్కడ తొక్కే బలం పడదు, చైన్ వదులుగా ఉంటుంది. ముందుది జరపాల్సింది పై భాగాన్ని. కాళ్ల బలమంతా మోస్తూ చైన్ బిగిసి ఉండేది అక్కడే. పైగా వెనక ఒక పళ్ల చక్రానికీ పక్కదానికీ తేడా సాధారణంగా రెండు మూడు పళ్లు. ముందున్న పళ్ల చక్రాల, అంటే రింగుల, మధ్య తేడా పది, పద్నాలుగు, పదహారు పళ్లు. అందుకే కొత్తగా గేర్ల సైకిల్ కొన్నవాళ్లు వెనక గేర్లను త్వరగానే పట్టేసి, ముందు గేరును మాత్రం ముట్టుకోవడం మానేస్తారు. మూడు రింగులున్న సైకిల్ ఏళ్ల తరబడి నడిమి రింగు మీదే తిరుగుతూ ఉంటుంది.

ముందు గేరు సరిగా పడటం లేదని షాపుకు తీసుకెళితే స్క్రూడ్రైవర్ బయటికి వస్తుంది. వైరు బిగిస్తారు, రెండు స్క్రూలు అటూ ఇటూ తిప్పుతారు, స్టాండు మీద చక్రం తిప్పి చూపిస్తారు. రోడ్డెక్కి కాస్త బలంగా తొక్కగానే మళ్లీ అదే గోల. స్క్రూలు అవసరమే, కానీ అవి చివర చేయాల్సిన పని. ముందు గేరు ఎంత సాఫీగా మారుతుందో చాలావరకు రింగులు ఎంచుకున్నప్పుడే, వాటిని పెడల్ ఉండే క్రాంకుకు బిగించినప్పుడే తేలిపోతుంది. రెండు రింగుల పళ్ల తేడా ఎంత, అవి ఒకదానికొకటి జతగా తయారైనవేనా, సరైన దిశలో బిగించారా అన్నవి ముందు చూడాలి. ఇవి కుదిరితే మామూలు డిరైలర్ కూడా చక్కగా పనిచేస్తుంది. కుదరకపోతే ఎంత ఖరీదైనదైనా తడబడుతుంది.

పళ్ల తేడా సంగతి లెక్కలో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. సైకిల్ చైన్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం 12.7 మి.మీ., అంటే అరంగుళం. ఆ కొలతను బట్టి రింగులో ఒక పన్ను పెరిగినప్పుడల్లా దాని వ్యాసార్థం సుమారు 2 మి.మీ. పెరుగుతుంది. కాబట్టి 50/34 జతలో చిన్న రింగు మీదున్న చైన్ పెద్ద రింగు ఎక్కాలంటే సుమారు 32 మి.మీ. పైకి లేవాలి. 53/39లో అది 28 మి.మీ. 46/33లో 26. మన దగ్గర చవక గేర్ల సైకిళ్లలో కనిపించే 42/34/24లో కింది మెట్టు 20 మి.మీ., పై మెట్టు 16 మి.మీ. మాత్రమే. బిగిసి ఉన్న చైన్‌ను పక్కకు నెడుతూనే అంత ఎత్తుకు లేపాలి. తేడా తగ్గేకొద్దీ పని తేలికవుతుంది, తేడా పెరిగేకొద్దీ మిగతా ప్రతి చిన్న లోపమూ బయటపడుతుంది.

మరి తేడా ఇంతగా ఎందుకు పెరిగింది? దీనికి రింగులను క్రాంకుకు బిగించే బోల్టుల వలయమే చాలావరకు కారణం. ఆ వలయం వ్యాసాన్ని బీసీడీ అంటారు. అది ఎంత పెద్దదైతే చిన్న రింగు అంత పెద్దదిగా ఉండక తప్పదు. ఒకప్పటి కాంపాన్యోలో కంపెనీ రేసింగ్ క్రాంకుల్లో ఆ వలయం 144 మి.మీ. లోపల 42 పళ్ల రింగు వేసుకునేవారు, బయట 52 లేదా 53. తేడా పది పదకొండు పళ్లే. షిమానో కంపెనీ 130 మి.మీ. వలయంతో 39 పళ్ల రింగు మామూలైంది, తేడా 14కు చేరింది. తర్వాత 110 మి.మీ. వలయం మీద 50/34 'కాంపాక్ట్' వచ్చింది, తేడా 16 అయింది. కొండలెక్కే సాధారణ రైడరుకు అది నిజంగా మేలు చేసిన మార్పు. కానీ ముందు గేరు మార్చగానే కాళ్లు గాల్లో తిరిగినట్టనిపించేది కూడా అందులోనే. 50 నుంచి 34కు దిగితే గేరు ఒక్కసారిగా 32 శాతం పడిపోతుంది. దాన్ని సరిచేయడానికి వెనక వెంటనే రెండు మూడు గేర్లు మార్చాలి.

అంతకుముందు దీనికి పూర్తి వ్యతిరేకమైన పద్ధతి ఒకటి నడిచింది. వెనక ఐదారు చక్రాలే ఉన్న కాలంలో దూరయాత్రికులు ముందు 50/45 లాంటి రింగులు వేసుకునేవారు. వెనక ఒక మెట్టులో సగం తేడా ముందు వచ్చేలా చూసుకునేవారు. దాన్ని హాఫ్ స్టెప్ అనేవారు. చైన్ లేవాల్సింది 10 మి.మీ. మాత్రమే కాబట్టి, రింగు మీద ఏ ప్రత్యేకమైన పళ్లూ లేకపోయినా గేరు ఇట్టే పడేది. గేర్లన్నీ వరుసగా వాడాలంటే మాత్రం మాటిమాటికీ రెండు లివర్లూ కదపాలి. వెనక చక్రాలు తొమ్మిది, పది, పదకొండు అయ్యాక ఆ పద్ధతి అవసరం పోయింది. అయినా అది నేర్పిన సంగతి ఇప్పటికీ పనికొస్తుంది. తేడా తక్కువైతే సగం తలనొప్పులు ముందే పోతాయి.

ఇటీవలి కాలంలో ఆ ఆలోచన వేరే దారిలో తిరిగొచ్చింది. 2019లో స్రామ్ కంపెనీ 12 గేర్ల రోడ్డు సెట్టు తెచ్చినప్పుడు వెనక అతి చిన్న చక్రాన్ని 11 నుంచి 10 పళ్లకు తగ్గించింది. దాంతో ముందు రింగులను కూడా చిన్నవి చేసి 50/37, 48/35, 46/33 జతలు ఇచ్చింది. మూడింటిలోనూ తేడా 13 పళ్లే. 46ను 10తో భాగిస్తే 4.6 వస్తుంది. 50ని 11తో భాగిస్తే 4.55. అంటే పై వేగం ఏమీ పోలేదు, రింగుల మధ్య ఎత్తు మాత్రం 6 మి.మీ. తగ్గింది. షిమానో తన గ్రావెల్ సైకిళ్ల సెట్టులో 46/30, 48/31 ఇచ్చింది. వీటిలో తేడా 16, 17 పళ్లు ఉన్నా మొత్తం గేర్లు కిందికి దిగాయి. మన రోడ్ల మీద దూరాలు తొక్కేవాళ్లకు నేను మొదట చెప్పే జత 46/30. వెనక 11-34 క్యాసెట్ (పళ్ల చక్రాల గుత్తి) ఉంటే ఘాట్ రోడ్డులో ఒకటి కంటే తక్కువ గేరు దొరుకుతుంది. పై గేరులో నిమిషానికి 90 సార్లు పెడల్ తిప్పితే రోడ్డు సైకిల్ గంటకు 47 కిలోమీటర్ల వేగం దాటుతుంది. శ్రీశైలం ఘాట్‌కో, అరకు దారికో సామాను కట్టుకుని వెళ్లే మనిషికి 50 పళ్ల రింగుతో వచ్చే అదనపు వేగం దేనికి?

ఇప్పుడు పళ్ల ఆకారం. ఒకప్పుడు రింగు పళ్లన్నీ ఒకే ఎత్తులో, ఒకే రూపంలో ఉండేవి. చైన్ పెద్ద రింగు పక్కగోడకు రాసుకుంటూ, ఎప్పుడో ఏదో ఒక పన్నుకు చిక్కి పైకి ఎక్కేది. ఇప్పుడు పెద్ద రింగు లోపలి ముఖాన్ని జాగ్రత్తగా చూస్తే కొన్నిచోట్ల చిన్న ఉక్కు పిన్నులు, వాటి పక్కన చెక్కిన ఏటవాలు గాళ్లు, కొన్ని పొట్టి పళ్లు కనిపిస్తాయి. అరిగిపోయాయనుకుని కొందరు ఆ పొట్టి పళ్లను చూసి రింగు మార్చేస్తారు కూడా. అవి కావాలని కోసినవే. పిన్ను చైన్ బయటి పట్టీని కింద నుంచి పట్టుకుని పైకి లేపుతుంది, ఏటవాలు గాడి దారి ఇస్తుంది, పొట్టి పన్ను చైన్‌ను దాటనిస్తుంది. వీటిని రింగు చుట్టూ ఎక్కడ పడితే అక్కడ పెట్టరు. పెడళ్లు నిలువుగా, ఒకటి పైన ఒకటి కింద ఉన్నప్పుడు కాళ్ల బలం బాగా తగ్గుతుంది. చైన్ ఎక్కడం, దిగడం ఆ క్షణంలో జరిగేలా వీటి స్థానాలు నిర్ణయిస్తారు.

ఇంకో షరతు కూడా ఉంది. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది అదే. చైన్ పెద్ద రింగు ఎక్కే వేళ కొంత భాగం ఇంకా చిన్న రింగు మీదే ఉంటుంది. చిన్న రింగులో చైన్ వదిలిన చివరి పన్నుకూ, పెద్ద రింగులో పట్టుకున్న మొదటి పన్నుకూ మధ్య ఉన్న చైన్ నిడివి దాదాపు పూర్తి లింకుల లెక్కకు సరిపోవాలి. సరిపోతే రోలరు పళ్ల మధ్య గుంటలో సరిగ్గా కూర్చుంటుంది. సరిపోకపోతే పన్ను కొన మీద కూర్చుని, టక్కుమని జారి, ఒక్కోసారి తిరిగి కిందికి పడుతుంది. అందుకే రింగులను జతలుగా తయారు చేస్తారు. షిమానో రోడ్డు రింగుల మీద పళ్ల సంఖ్య పక్కన ఆంగ్ల అక్షరాల గుర్తు ఉంటుంది. రెండు రింగుల మీదా అదే గుర్తు ఉండాలి. 52/36 కోసం చేసిన 36ను తెచ్చి 50తో కలిపితే తేడా తగ్గింది కదా అని సంతోషించవచ్చు, కానీ ఆ 50 పిన్నులు 34 పళ్ల రింగును లెక్కలో పెట్టుకుని పెట్టినవి. అది పనిచేయదని అనను. పద్నాలుగు పళ్ల తేడా ఇచ్చే సుఖంలో కొంత అక్కడే పోతుందని మాత్రం అంటాను.

బిగించే దిశ విషయానికొస్తే, ఐదు బోల్టుల క్రాంకు మీద రింగును ఐదు రకాలుగా కూర్చోబెట్టవచ్చు. ఒక స్థానం నుంచి పక్కదానికి 72 డిగ్రీలు. 50 పళ్ల రింగును ఒక స్థానం జరిపితే సరిగ్గా పది పళ్లు జరుగుతుంది. పళ్ల వరుసలో తేడా ఏమీ రాదు గాని, పిన్నుల గుంపు కాళ్ల బలం ఎక్కువగా పడే చోటికి వచ్చేస్తుంది. 34 పళ్ల రింగును ఒక స్థానం జరిపితే 6.8 పళ్లు జరుగుతుంది. పూర్తి అంకె కాదు కాబట్టి పళ్ల వరుసే రెండున్నర మి.మీ. తప్పుతుంది. శుభ్రం చేయడానికి రింగులు విప్పి, మళ్లీ ఎటో ఒక దిశలో బిగించిన సైకిల్‌లో అంతకుముందు లేని ఇబ్బంది వచ్చిందంటే కారణం ఇదే కావచ్చు. సరైన స్థానం కనిపెట్టడం కష్టం కాదు. చాలా రింగుల్లో పెద్ద రింగు బయటి ముఖం మీద పొట్టిగా పొడుచుకొచ్చిన ఒక పిన్ను ఉంటుంది. అది క్రాంకు వెనక దాక్కునేలా రావాలి. చైన్ పెద్ద రింగు దాటి బయటికి పడితే క్రాంకుకూ రింగుకూ మధ్య ఇరుక్కోకుండా ఆపేది ఆ పిన్నే. చిన్న రింగుకు లోపలి అంచున చిన్న నాలుక లాంటి గుర్తు ఉంటుంది, అది కూడా క్రాంకు వరుసలోకే రావాలి. బోల్టు తలలు కూర్చునే గుంటలు పెద్ద రింగులో బయటివైపు, చిన్న రింగులో ఫ్రేమువైపు ఉంటాయి. పిన్నులూ గాళ్లూ ఎప్పుడూ ఫ్రేమువైపే చూడాలి. ఇటీవలి షిమానో నాలుగు కాళ్ల క్రాంకుల్లో కాళ్లు సమ దూరంలో ఉండవు కాబట్టి ఈ పొరపాటుకు అవకాశమే లేదు. అది మెచ్చుకోదగ్గ పని.

విడిగా రింగు కొనేటప్పుడు బీసీడీ కలిస్తే చాలనుకుని మోసపోయేవాళ్లు ఎక్కువ. ఆన్‌లైన్‌లో రింగు కోసం వెతికితే ఒక పన్ను సన్నం, ఒక పన్ను వెడల్పు ఉన్న రింగులు ముందు కనిపిస్తాయి. చూడటానికి బాగుంటాయి, బోల్టులూ కలుస్తాయి. కానీ అవి 2012లో స్రామ్ తెచ్చిన ఒంటి రింగు పద్ధతి కోసం పుట్టినవి. చైన్‌ను వదలకుండా పట్టుకోవడమే వాటి పని. రెండు రింగుల సైకిల్‌కి బిగిస్తే గేరు మారడమే గగనం. కోడిగుడ్డు ఆకారపు రింగుల కథ వేరు. షిమానో 1983లో బయోపేస్ పేరుతో తెచ్చి కొన్నేళ్లకు ఆపేసింది. 2012 టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన బ్రాడ్లీ విగ్గిన్స్ ఓసిమెట్రిక్ రింగులు వాడటంతో మళ్లీ ఆసక్తి పెరిగింది. మోకాళ్లకు మేలా కాదా అన్న చర్చ పక్కనపెడితే, ముందు గేరుకు మాత్రం అవి మేలు కావు. రింగు తిరుగుతున్నకొద్దీ డిరైలర్‌కూ పళ్లకూ మధ్య ఖాళీ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. వాడక తప్పదంటే అన్నిటికంటే ఎత్తుగా వచ్చే పన్ను దగ్గర కొలత పెట్టుకోవాలి.

రింగు గట్టిదనం కూడా లెక్కలోకి వస్తుంది. చైన్ పక్కకు నెట్టినప్పుడు పలుచని రింగు వంగుతుంది, వంగితే పిన్ను అందాల్సిన చోట అందదు. షిమానో తన పై స్థాయి డ్యూరా ఏస్ పెద్ద రింగును లోపల బోలుగా, రెండు గోడలతో చేయడం మొదలుపెట్టింది బరువు పెంచకుండా గట్టిదనం రావాలనే. ఫ్రాన్స్‌కు చెందిన టీఏ, స్ట్రాంగ్‌లైట్ లాంటి కంపెనీల రింగులు దొరికితే నిశ్చింతగా తీసుకోవచ్చు. పిన్నులూ గాళ్లూ లేని చదును రేకు రింగు ఎంత చవకగా వచ్చినా రెండు రింగుల సైకిల్‌కి వద్దు.

చైన్ వెడల్పు కూడా రింగులతో కలవాలి. ఏడెనిమిది గేర్ల చైన్ బయటి వెడల్పు 7 మి.మీ. పైచిలుకు. పది గేర్లది 6 మి.మీ. లోపే, పదకొండుది ఐదున్నర దరిదాపు. పాత క్రాంకు ఉంచి వెనక మాత్రం పది గేర్లకు మార్చితే, సన్నని చైన్ రెండు రింగుల సందులో దిగి అక్కడే తిరుగుతూ ఉండిపోవచ్చు. అరిగిన చైన్, అరిగిన రింగు ఇంకో రకం ఇబ్బంది. కొక్కెంలా వంగిన పళ్లు చైన్‌ను వదలవు, చిన్న రింగు దాన్ని పైకి లాక్కుపోయి ఫ్రేముకు రుద్దుతుంది. వానాకాలం మట్టిలో ఇది మరీ ఎక్కువ. ఒక్క రింగే కొత్తది వేసి, పాత చైన్ అలాగే ఉంచడం డబ్బు దండగ.

రింగులు కుదిరాక డిరైలర్ దగ్గరికి రావచ్చు. చైన్‌ను రెండు రేకుల మధ్య పెట్టుకుని నెట్టే డిరైలర్ భాగమే కేజ్. దాని వంపు ఒక పరిమాణం రింగుకు తగ్గట్టు చేసి ఉంటుంది. 53 పళ్ల వంపున్నది 46 మీద పెడితే ముందు దగ్గరగా, వెనక ఎడంగా నిలుస్తుంది. మరీ కిందికి దించితే కేజ్ తోక ఫ్రేముకు తగలొచ్చు. రోడ్డు డిరైలర్లలో చాలావాటికి 16 పళ్ల తేడా దాకానే పరిమితి. మూడు రింగుల డిరైలర్లకు పై రెండు రింగుల మధ్య కనీస తేడా కూడా ఉంటుంది, చాలావాటిలో 10 లేదా 12 పళ్లు. అంతకంటే తక్కువైతే లోపలి రేకు నడిమి రింగుకు తగులుతుంది. షిమానోలో రోడ్డు సైకిల్ లివరు, కొండ సైకిల్ డిరైలర్ ఒకదానికొకటి కలవవు. అవి వైరును లాగే దూరాలు వేరు.

బిగింపులో ఎత్తే అన్నిటికంటే ముఖ్యం. కేజ్ బయటి రేకు పెద్ద రింగు పళ్ల కొనలకు 1 నుంచి 3 మి.మీ. పైన ఉండాలి. ఐదారు మి.మీ. ఎత్తులో ఉన్న కేజ్ చైన్‌ను నెట్టదు, మెలితిప్పుతుంది. తర్వాత పైనుంచి చూస్తూ బయటి రేకును పెద్ద రింగుకు సమాంతరంగా తిప్పాలి. ఈ రెండూ కుదిరేదాకా వైరు కట్టకపోవడమే మంచిది. వైరు లేకుండా, చైన్ చిన్న రింగు మీదా వెనక అతి పెద్ద చక్రం మీదా ఉంచి, లోపలి హద్దును నిర్ణయించే ఎల్ స్క్రూతో లోపలి రేకు చైన్‌కు అర మి.మీ. దగ్గరికి తేవాలి. అప్పుడు వైరు లాగి బిగించి, చైన్ పెద్ద రింగు మీదా వెనక అతి చిన్న చక్రం మీదా వేసి, బయటి హద్దును నిర్ణయించే హెచ్ స్క్రూతో బయటి రేకుకూ అంతే ఖాళీ ఇవ్వాలి. పెద్ద రింగు ఎక్కడం లేదంటే ముందు వైరు వదులేమో చూడాలి గాని హెచ్ స్క్రూ విప్పుకుంటూ పోకూడదు. అలా విప్పినవాళ్ల చైనే క్రాంకు బయట పడుతుంది. కేజ్ స్థిరంగా ఉంచి రింగును తిప్పి చూస్తే వంకర కూడా తెలుస్తుంది. ఒకచోట రేకుకు తగులుతూ మరోచోట ఎడమైతే, రింగు వంగిందో బోల్టు వదులైందో చూసుకోవాలి.

చిన్న రింగుకు దిగేటప్పుడు చైన్ లోపలికి జారి పడే ప్రమాదానికి చవకైన మందు ఉంది. ఫ్రేము మీద చిన్న రింగు పక్కన బిగించే చైన్ క్యాచర్ అనే సన్నని కడ్డీ. 16 పళ్ల తేడా ఉన్న సైకిల్ ఉన్న ప్రతివాళ్లూ అది పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. 2010 టూర్ డి ఫ్రాన్స్ 15వ స్టేజిలో పోర్ట్ డి బాలెస్ కొండ మీద రేసర్ ఆండీ ష్లెక్ చైన్ జారింది. ఆ రోజు అతను పోగొట్టుకున్నది 39 సెకన్లు. పారిస్‌లో పోటీ ముగిసేసరికి తన ప్రత్యర్థి కాంటడోర్ కంటే వెనకబడింది కూడా సరిగ్గా 39 సెకన్లే.

ఈ కష్టమంతా ఎందుకు, ఒంటి రింగు పెట్టుకుంటే పోలేదా అనేవాళ్లున్నారు. కొండ సైకిళ్లలో ఆ వాదమే గెలిచింది, న్యాయంగానే గెలిచింది. రోడ్డు మీద దూరాలు తొక్కేవాళ్లకు మాత్రం రెండు రింగుల అవసరం తీరలేదు. ఒంటి రింగుతో అంతే విస్తృతి కావాలంటే వెనక గేర్ల మధ్య ఖాళీలు పెరుగుతాయి, చదును రోడ్డు మీద కాలికి నప్పే గేరు దొరకదు. 2009లో షిమానో ఎలక్ట్రానిక్ డిరైలర్ తెచ్చాక మోటారు బలంతో చైన్‌ను నెట్టడం సాధ్యమైంది. అది నిజంగా గొప్పగా పనిచేస్తుంది. అయినా అలాంటి డిరైలర్లు చేసే కంపెనీలు కూడా తమ జత రింగులే వాడమని చెబుతున్నాయి. మోటారు తోస్తుంది, పైకి ఎక్కించాల్సింది మాత్రం రింగు పిన్నే.

చివరగా మన ఊళ్లలో ఎక్కువగా తిరిగే 21 గేర్ల సైకిళ్లు. వాటి 42/34/24 జతను తక్కువ చేసి చూడటం నాకు నచ్చదు. తేడాలు ఎనిమిది, పది పళ్లే కాబట్టి ప్రెస్సులో కొట్టిన మామూలు ఉక్కు రింగులతోనే గేర్లు బాగా పడతాయి. కేజ్ ఎత్తు సరిచేసి వైరు కొత్తది వేస్తే చాలా సైకిళ్లు బాగుపడతాయి. 24 పళ్ల చిన్న రింగు, వెనక 28 ఉంటే బరువుతో కూడా చాలా ఎత్తులు ఎక్కవచ్చు. వీటి అసలు లోపం రివెట్లు. మూడు రింగులూ కలిపి క్రాంకుకు రివెట్లు కొట్టి ఉంటాయి, ఒక రింగు అరిగినా వంగినా మొత్తం సెట్టు మార్చాలి. విడిగా బోల్టులతో బిగించే రింగులను మధ్య రకం సైకిళ్లకైనా ఇవ్వాలని మన కంపెనీలను కొనేవాళ్లే అడగాలి. కొనే ముందు వంగి, క్రాంకు వెనక బోల్టులున్నాయో రివెట్లున్నాయో చూడండి. రంగూ ధరా ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.